మౌనం పాటించని నిమిషం

మా ట్రాయ్ ఊరి డప్పు అంకుల్ పోయారు. సంగతి ఆంటీ ఫోన్ చేసి చెప్పింది. మర్నాడు ఫుట్‌బాల్ టీమ్ ఆఫీసు నుంచి ఈమెయిల్ వచ్చింది. శనివారం గేమ్‌కి ముందు ఆయన గౌరవార్థం ఒక నిమిషం మౌనం పాటిస్తారట. బతికుండగా ఆయనకు వాళ్ళిచ్చింది కూడా మౌనమే. నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. దాచుకోను.

తెలియనివాళ్ళకు చెప్తాను. కొన్నేళ్ళ క్రితం మా పక్క ఊరికి ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ టీమ్ కొత్తగా వచ్చింది, బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తే అమెరికన్ ఫుట్‌బాల్. పాత టీమ్‌లు వద్దనుకున్న ఆటగాళ్ళు, సగం కూడా నిండని బెంచీలు, ఎముకలు కొరికే చలి. మా పక్కింట్లో ఉండే ఈ అంకుల్ కార్ల కంపెనీలో ఇంజనీరు. ఉగాదికి తెలుగు సంఘం స్టేజీ మీద డప్పు వాయిస్తానంటే, "అది చావులకి కదండీ, పండగపూట ఎందుకు?" అన్నారు సంఘంవాళ్ళు. ఆయన ఆ డప్పు పట్టుకుని స్టేడియానికి వచ్చారు.

పార్కింగ్ లాట్‌లో అందరూ గ్రిల్ మీద చికెన్ కాలుస్తుంటే ఆయన మా గ్రిల్ దగ్గర డప్పు వేడి చేసేవారు. "సల్లగున్న డప్పు నసుగుతది బిడ్డా. ముందుగాల కాగాలె," అనేవారు. ఆ గ్రిల్ పక్కనే నాకు దరువులు నేర్పారు. పెళ్ళి దరువు, జాతర దరువు, శవాన్ని ఎత్తేటప్పుడు కొట్టే చావు దరువు.

మొదటి గేమ్‌లోనే తప్పులో కాలేశాం. క్రికెట్ చూసి పెరిగినవాళ్ళం కదా, మనవాళ్ళ చేతిలో బంతి ఉండగా హోరెత్తించాం. ఈ ఆటలో అప్పుడే నోరు మూసుకోవాలట. ఆట నడిపించే క్వార్టర్‌బ్యాక్ అరిచే సంకేతం వినబడక మావాళ్ళు ముందే కదిలి పెనాల్టీ తెచ్చుకున్నారు. ఆట అయ్యాక అతను కంచె దగ్గరికొచ్చి, "సార్, బంతి వాళ్ళ దగ్గరున్నప్పుడు కొట్టండి, ప్లీజ్," అన్నాడు. తర్వాతి గేమ్‌లో ఎదుటివాళ్ళ మాట వాళ్ళకే వినబడలేదు.

అయినా ఓడిపోతూనే ఉన్నాం. "గెలిచేటోని దిక్కు అందరొస్తరు. ఓడేటోని కాడ కూసోవాలె," అనేవారు అంకుల్. మెల్లగా బెంచీలు నిండాయి.

గెలవడం మొదలయ్యాక టీమ్ ఓనర్ మా బెంచీలు పీకించి కంపెనీలకు అద్దాల గదులు కట్టించాడు. సేఫ్టీ రూల్స్ అని అంకుల్‌ను డప్పుతో సహా గేటు దగ్గర ఆపేశారు. లోపల స్పీకర్లలో మాత్రం ఆయన దరువే మోగుతోంది, మొదటి ఏడాది వాళ్ళు రికార్డు చేసుకున్నది. తన డప్పును తనే బయట నిలబడి విన్నారు. "ఈళ్ళకు సప్పుడు గావాలె బిడ్డా, మనిషొద్దు," అన్నారు. మళ్ళీ ఆ దారిన రాలేదు. ఆ ఓనర్‌ను నేను క్షమించలేదు, క్షమించే ఉద్దేశమూ లేదు.

శనివారం ఆంటీని, నన్నూ మైదానంలోకి పిలిచారు. ఫొటో కోసం డప్పు కూడా తెమ్మన్నారు. పార్కింగ్‌లో కారు దిగుతూనే ఆంటీ, "కాగబెడదామా?" అంది. నేను గ్రిల్ అంటించాను.

మౌనం అని మైకులో చెప్పగానే స్టేడియమంతా టోపీలు తీసి నిలబడింది. నేను ఓనర్ అద్దాల గది వైపు తిరిగి చావు దరువు ఎత్తుకున్నాను. అంకుల్‌కు దాన్ని ఆయన అంత్యక్రియల్లోనే వాయించేశాం. ఇది ఆయనకు కాదు.

అద్దం వెనక ఓనర్ కాసేపు తెల్లబోయి చూశాడు. తర్వాత నవ్వాడు. నా దరువుకు తగ్గట్టు తల ఊపుతూ చప్పట్లు కొట్టడం మొదలుపెట్టాడు.

"ఆపకు," అంది ఆంటీ.