బొంతలో దొరికిన నల్లమందు

కబ్బన్‌పేటలో మగ్గాలకు కండెలు చుట్టి బతికే సొన్నమ్మ ఎవరికీ జంకే మనిషి కాదు. భర్త పోయాక, కీళ్లవాతంతో మంచం పట్టిన మామ ఆదినారాయణప్పను తొమ్మిదేళ్లు ఒక్కతే సాకింది. నొప్పి తాళలేక ఆయన నల్లమందు మింగేవాడు. ఆయన పేరుమీద కార్డు ఉండేది. అది చూపితే సర్కారు అంగడిలో కొలిచి ఇచ్చేవారు.

1961లో ఆయన పోయాడు. దినాలయ్యాక బొంత ఉతకబోతే అంచుకుట్టులో గట్టిగా ఏదో తగిలింది. విప్పి చూస్తే మైనపుగుడ్డలో నిమ్మకాయంత నల్లమందు. ఎప్పటికైనా అంగడిలో ఇవ్వడం మానేస్తారేమోనని ముసలాయన రోజూ రవ్వంత మిగిల్చి దాచుకున్నట్టున్నాడు.

పక్కింటి నాగప్ప కోర్టులో బంట్రోతు. అతన్ని అడిగింది.

"కార్డు ఉండే మనిషి పోతే కార్డూ పోయినట్లేనక్కా. ఇప్పుడది ఎవురింట్లో ఉండాదో వాళ్లమీదే కేసు. నాది కాదంటే వినరు" అన్నాడు గొంతు తగ్గించి.

"మోరీ నీళ్లలో పారేస్తేనప్పా?"

"పారేసేటప్పుడు ఎవురన్నా చూస్తే?"

సొన్నమ్మ ఇంటికొచ్చి తలుపేసుకుంది. ముద్దను బియ్యం డబ్బాలో పెట్టింది. కుదురులేక తీసి పొయ్యి వెనక దాచింది. కాల్చేద్దామంటే వాసన వీధంతా చుట్టుకుంటుంది. బయట బూట్ల చప్పుడైతే చాలు, ఊపిరి బిగబట్టేది. రెండు రోజులు అన్నం మింగుడు పడలేదు.

మూడోనాడు పొద్దున్నే దాన్ని కొంగున ముడేసి, బొడ్లో దోపుకుని అబ్కారీ ఆఫీసుకు బయలుదేరింది. అవెన్యూ రోడ్డు మలుపులో పోలీసు చెయ్యెత్తాడు. సొన్నమ్మ ఉన్నచోటే కొయ్యబారిపోయింది. ఆయన ఆపింది వెనక వస్తున్న జట్కాను.

ఆఫీసులో ఇన్‌స్పెక్టరు ముడి విప్పించి చూశాడు. "ఇది పెట్టుకొని ఊరంతా తిరగతా ఉండావా? దోవలో పట్టుకొనుంటే జైలే గదా!"

"పోయిన మా మామ బొంతలో దొరికింది. ఇంట్లో పెట్టుకొంటే తప్పు, తెస్తే తప్పు. ఏం చేయాల్నో తెలీక తెచ్చినా స్వామీ" అంది.

ఆయన కార్డుల రిజిస్టరు తిరగేసి మామ పేరు వెతికాడు. ముద్దను తూకం వేయించాడు. కాగితం మీద ఏదో రాసి ఆమె వేలిముద్ర తీసుకున్నాడు.

"నీకు నువ్వుగానే తెచ్చిచ్చినావని రాసుకొన్నా. పో."

మెట్లు దిగబోయి అక్కడే చతికిలబడింది. లేవడానికి చాలాసేపు పట్టింది. కోర్టు నుంచి సమన్లేవీ రాలేదు. అయినా ఆ ఏడాదంతా పోస్టుమాను కేక వినపడితే, చేతిలో కండె వదిలేసి వెనక గదిలోకి పోయి నిలబడేది.