దేవాంగపిల్లులకు సాంబ్రాణి

ఆ పూట కూడా ఓంప్రకాష్ దేవాంగపిల్లుల బోనులు ఫెనాయిల్‌తో కడిగించి, సాంబ్రాణి పొగ వేయించి, ఆ తర్వాతే టిఫిన్‌కు కూర్చున్నాడు.

నంద్యాలలో వాళ్ళ నాయన పెట్టిన పూజా సామగ్రి అంగడి పద్ధతి అది. గడప కడగాలి, పొగ వేయాలి, గల్లాపెట్టె తెరవాలి. ఓంప్రకాష్‌కు తెలిసిన శాస్త్రం ఆ ఒక్కటే. ఆళ్లగడ్డ దాటాక ఉన్న తన తోటలో జంతు సంరక్షణ కేంద్రం పెట్టినప్పుడు దాన్నీ వెంట తెచ్చాడు. జాలితో పెట్టాడనుకుంటే పొరపాటు. గోశాలలు పెట్టిన వ్యాపారులు ఊళ్ళో ఎక్కువైపోయారు, ఈయనకు వేరేదేదో కావాల్సి వచ్చింది, అంతే.

శిరివెళ్ల దగ్గర క్షుద్రపూజలకు అమ్మబోతుంటే అటవీ శాఖవాళ్ళు ఆటోలో పట్టుకున్న దేవాంగపిల్లులవి. ఒకటి ఆడది, ఒకటి మగది; అదను వచ్చేదాకా పక్కపక్క బోనుల్లో ఉంచారు, మధ్యలో జాలీ, ఒక తలుపు. పేరుకే పిల్లి. నిజానికి కోతికి దూరపు చుట్టం. పిడికెడు ఒళ్ళు, ముఖమంతా కళ్ళు, అడవుల్లో నానాటికీ తగ్గిపోతున్న జాతి. రెండేళ్ళలో ఈనకపోతే జతను వేరే ఊరి జూకు పంపిస్తామని శాఖ ముందే చెప్పింది. ఆ గడువు వచ్చే కార్తీకంతో ముగుస్తుంది.

ఇక్కడ ఎందుకు ఈనవో పశువైద్యురాలు హిమబిందు మొదటి నెలలోనే చెప్పింది. ఇవి మూత్రంతో అరచేతులూ పాదాలూ తడుపుకొని కొమ్మలకు అంటిస్తాయి. ఆడది జతకు సిద్ధమైందని మగదానికి తెలిపేది ఆ వాసనే. అది సిద్ధమయ్యేది ఏడాదికి రెండు మార్లు, అదీ ఒకటి రెండు రోజులు.

"అది రాత్రంతా చెప్పుకున్న మాట పొద్దున్నే నువ్వు కడిగేస్తాండావన్నా."

"కంపు డాక్టరమ్మా! కంపు కొట్టే కొంపలో కాపురం నిలుస్తాదా?"

"నిలవాల్సింది నీ కాపురం కాదు, వాటిది."

బోనులు కడిగే చంద్ర మధ్యలో దూరాడు. "ఇట్లాంటి డాక్టరు మా ఇంటికి రావాలక్కా. మా ఇంట్లోది నీళ్ళు పోసుకోమని నన్ను సంపుతాంది."

గడువు దగ్గరపడ్డాకగానీ ఓంప్రకాష్ వినలేదు. కడగాల్సింది నేల, గిన్నెలు మాత్రమే, అదీ ఉత్త నీళ్ళతో; పొగ వద్దు. కొమ్మలూ జాలీ ముట్టుకోకూడదు. సరేనన్నాడు. తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకొని తిరిగాడు. దేశం కోసం ఇంతకన్నా పెద్ద త్యాగం ఎవరూ చేయలేదన్నట్టు వచ్చినవాళ్ళందరికీ చెప్పుకున్నాడు.

కొన్ని వారాలకు, ఎప్పుడూ గోడకు తిరిగి కూర్చునే మగది రెండు బోనుల మధ్య జాలీని వాసన చూడడం మొదలుపెట్టింది. హిమబిందు వచ్చి చూసింది. "రేపు సాయంత్రం మధ్య తలుపు తీద్దాం. ఎవరూ ఏమీ ముట్టుకోవద్దండి."

ఆ మధ్యాహ్నమే ఫోను. రేపు పొద్దున అటవీ అధికారి తనిఖీకి వస్తున్నాడు.

ఓంప్రకాష్ ఎవరినీ అడగలేదు. పంచె ఎగగట్టి, బకెట్ తానే పట్టుకొని, కొమ్మ కొమ్మా రుద్దాడు. ఆపై సాంబ్రాణి.

"ఆయప్ప వచ్చి ముక్కు మూసుకుంటే నా పరువేం కావల్ల?"

"ఆయప్ప ముక్కు కోసం దీని ముక్కు కోసినావు కదన్నా" అన్నాడు చంద్ర.

అధికారి గేటు దగ్గరే ఆగాడు. "ఏందీ, ఈడ పూజ చేస్తాండారా?" ఓంప్రకాష్ దాన్ని మెప్పు అనుకొని నవ్వాడు.

సాయంత్రం తలుపు తీశారు. మగది ఒక కొమ్మ వాసన చూసి, తుమ్మి, పాత మూలకు పోయి గోడకు తిరిగి కూర్చుంది. రెండు రోజులకు ఆడదాని అదనూ దాటిపోయింది. కార్తీకం వెళ్ళగానే జీపు వచ్చి రెంటినీ తీసుకుపోయింది. కొత్త చోట కొమ్మలు కడగొద్దని హిమబిందు డ్రైవర్ చేతికి చీటీ ఇచ్చి పంపింది.

మరుసటి దసరాకు ఆ జూలో కవలలు పుట్టాయి. వారం తిరక్కుండా నంద్యాల బస్టాండ్ ఎదుట ఫ్లెక్సీ లేచింది: "దేవాంగపిల్లుల వంశోద్ధారకులు ఓంప్రకాష్ గారికి శుభాకాంక్షలు."

"ఇందులో ఆ కవల పిల్లలు యాడన్నా?" అని చంద్ర అడిగాడు.

"చోటు చాల్లేదప్పా."

ఫ్లెక్సీ పన్నెండు అడుగులు. అందులో ఆయన ముఖం ఎనిమిది.