అస్తడని చెప్పిన రోజు

కోరుట్లలో మా వీధి మలుపున ఒక ఇస్త్రీ బండి ఉంది. పొద్దున కూరగాయలకు అటు వెళ్తుంటే గంజి పెట్టిన ఖద్దరు మీద బొగ్గుల పెట్టె పడి వెచ్చటి వాసన లేస్తుంది. నా కాళ్లు అక్కడే ఆగిపోతాయి. శేషగిరిరావు సారు గదిలో అడుగుపెడితే మనిషి కన్నా ముందు ఆ వాసనే పలకరించేది. ఆయన పోయి చాలా ఏళ్లయింది. మొన్న ఇద్దరు కుర్రవాళ్లు, ఆయన మీద పుస్తకం వేస్తున్నామంటూ ఇంటికి వచ్చారు. అన్నిసార్లు ఎమ్మెల్యేగా గెలిచిన మనిషి చివరికి ఏం సాధించాడో చెప్పమన్నారు. చెప్పాను. నేను చెప్పింది వాళ్ల పుస్తకానికి పనికొచ్చేలా లేదని వాళ్ల ముఖాలే చెప్పాయి.

భర్త పోయాక జగిత్యాలలో పుట్టింట్లో ఉన్న నన్ను తన సిరిసిల్ల కార్యాలయంలో టైపిస్టుగా పెట్టుకున్నది ఆయనే. గది నిండా మగవాళ్లుంటే ఆడవాళ్లు తమ గోడు ఎవరితో చెప్పుకుంటారని ఆయన వాదన. దొరల ఇంట్లో పుట్టి కూడా ఎవరైనా దొరా అని పిలిస్తే ముఖం ముడుచుకునేవారు. పని విషయంలో మాత్రం మొహమాటం లేదు. పింఛను రాదనుకుంటే రాదనే చెప్పి పంపేవారు. మిగతా నాయకుల్లాగా చూద్దాం అని ఎందుకు అనరని ఒకసారి అడిగాను. "చూద్దామంటే మల్ల బస్సెక్కి అస్తరు బిడ్డా. పేదోళ్లను ఉత్తగ తిప్పుడెందుకు?" అన్నారు. నేను అక్కడ నేర్చుకున్న పనంతా ఆ జవాబులోనే ఉంది.

ఆయన ప్రాణం పెట్టిన పని, గంభీరావుపేట అవతలి పల్లెలకు రోడ్డు. వానలకు వాగు పొంగితే కాన్పు కష్టమైన మనిషిని మంచం మీద మోసుకొచ్చే ఊళ్లవి. ఏళ్ల తరబడి హైదరాబాదు చుట్టూ తిరిగి రోడ్డు వేయించారు, వాగు మీద కల్వర్టు కట్టించారు. మొదటి బస్సు వెళ్లిన రోజు కిటికీ పక్కన కూర్చుని, ఎవరు పలకరించినా తిరగకుండా బయటికే చూస్తూ ఉండిపోయారు.

కొన్నాళ్లకు అదే రోడ్డు మీద పోలీసు జీపులు తిరగడం మొదలైంది. అడవిలోంచి అన్నలు ఊళ్లలోకి వచ్చిపోతున్న కాలం అది. వాళ్లకు అన్నం పెట్టారని, వాళ్ల పాటలు పాడారని మనుషులను పోలీసులు ఎక్కించుకుపోయేవారు. లచ్చవ్వ మా దగ్గరికి వచ్చింది అందుకే. బీడీలు చుట్టి ఒక్క కొడుకును సిరిసిల్లలో చదివిస్తున్న మనిషి. సెలవులకు వచ్చిన ఆ కొడుకు రాజేశాన్ని పొలం దగ్గర జీపులో ఎక్కించుకుపోయారట.

సారు మమ్మల్నిద్దరినీ వెంటబెట్టుకుని అప్పుడే స్టేషనుకు వెళ్లారు. అక్కడి అధికారి ఎక్కడో దూరం జిల్లా మనిషి. కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు, అలాంటి కుర్రాడెవరూ తమ దగ్గర లేడన్నాడు. సారు లేవలేదు. అతను నవ్వుతూనే, "బోరింగులూ బడులూ మీరు చూసుకోండి సార్. ఇది మాకు వదిలెయ్యండి" అన్నాడు. మంత్రికి ఫోను చేస్తే ఆయనా ఇందులో తలదూర్చవద్దనే చెప్పాడట. సారు ఊరుకోలేదు. కరీంనగర్ వెళ్లి పై అధికారి ఇంటి ముందు కూర్చున్నారు. తిరిగి వచ్చేసరికి ముఖంలో వెలుగుంది. కుర్రాడు తమ దగ్గరే ఉన్నాడనీ, కేసు జగిత్యాలలో పెట్టామనీ, సోమవారం అక్కడి కోర్టులో హాజరుపరుస్తామనీ మాట ఇచ్చారట. లచ్చవ్వ మా కార్యాలయం మెట్ల మీదే ఉంది. సారు ఆమె ముందు వంగి, "నీ కొడుకు అస్తడు లచ్చవ్వా" అన్నారు. ఆయన నోట అలాంటి మాట నేను అంతకుముందు ఎన్నడూ వినలేదు.

సోమవారం లచ్చవ్వ టిఫిను డబ్బాలో అన్నం, కోడిగుడ్డు కూర తెచ్చింది. కోర్టు ఆవరణలో నేను ఆమె పక్కన కూర్చున్నాను. సారు కూర్చోలేదు. ఏ వ్యాను వచ్చినా ఆమె డబ్బా పట్టుకుని లేచేది, దిగినవాళ్లను చూసి మళ్లీ కూర్చునేది. సాయంత్రం బంట్రోతు తలుపులు వేస్తుంటే, "రేపస్తడా సారూ?" అని అడిగింది. మర్నాడు పేపర్లో ఎదురుకాల్పులు అని వచ్చింది. ఫొటో కింద రాజేశం పేరు.

సారు ఆమె ఇంటికి వెళ్లారు. ఆమె ఏడవలేదు, తిట్టలేదు. "పోలీసోళ్లను నమ్మలే సారూ, నిన్ను నమ్మిన" అని మాత్రం అంది. ఆయన వాకిట్లోంచే తిరిగి వచ్చేశారు.

ఆ వానాకాలం, జీపులు రాకుండా అన్నలు కల్వర్టును పేల్చేశారు. బస్సు ఆగిపోయింది. వచ్చిన ఎన్నికలను బహిష్కరించమన్నారు. చాలా ఊళ్లలో పెట్టెలు ఖాళీగా తిరిగి వచ్చాయి, సారు మాత్రం మళ్లీ గెలిచారు. దండలు వేయడానికి వచ్చినవాళ్లను బయటి నుంచే పంపేయమని నాకు చెప్పి, తలుపు దగ్గరకు వేసుకున్నారు.

చివరిసారి ఆయనను జగిత్యాల ఆసుపత్రిలో చూశాను. ఇన్నేళ్లలో తానేం చేశానని అడిగారు. బడులు, బస్సులు, ఏవేవో గుర్తు చేయబోయాను. చేయి అడ్డం పెట్టారు. "రోడ్డేస్తే జీపచ్చింది. జీపస్తే కల్వర్టు పోయింది. నేను గెల్వకముందు గా ఊర్లు ఎట్లుండెనో గట్లనే ఉన్నయి బిడ్డా. రాజేశం ఒక్కడు లేడు" అన్నారు. సారు ఎలాంటి మనిషని ఎవరు అడిగినా మంచి మనిషనే చెప్తాను. ఆ మంచి ఎవరికి అక్కరకొచ్చిందంటే చెప్పలేను.

ఇప్పుడు గల్ఫుకు పోయి జాడ తెలియని మగవాళ్ల కోసం ఆడవాళ్లు నాతో దరఖాస్తులు టైపు చేయించుకుంటారు. మొన్న షాహీన్ వచ్చింది. ఆమె భర్త ఏదో జైల్లో ఉన్నాడని ఎవరో చెప్పారట, ఫోను లేదు. నేను టైపు చేస్తుంటే నా ముఖంలోకే చూస్తూ, "మా ఆయన అస్తడా అమ్మా?" అంది. రాడని చెప్పి ఆమె తిరుగుడు తప్పించాలనుకుంటాను, నోరు రాదు. వస్తాడందామంటే కోర్టు ఆవరణలో లేచి నిలబడే లచ్చవ్వ కనిపిస్తుంది. పాస్‌పోర్టులో అతని పేరు ఎలా ఉందో ఇంకోసారి చెప్పమన్నాను.