ముసుగు పెదనాన్న

లాండ్రీ పెదనాన్నకు ఒక్కటే జబ్బు. యజమాని పక్కన లేని కుక్క ఎండలో కనిపిస్తే చాలు, దాని మీద తడి దుప్పటి కప్పి, పక్కనే చతికిలబడి, కళ్ళు మూసుకుని దేవుణ్ణి తలుచుకుంటూ కూర్చుంటాడు. యజమాని తిరిగొచ్చేదాకా లేవడు.

చేసేది చల్లని పనే కానీ, చూసేవాళ్ళకు గుండె జారిపోయేది. మిట్టమధ్యాహ్నం, షట్టర్లు సగం దించిన వీధి, మనిషి అలికిడి ఉండదు. గోడవారగా తెల్లటి దుప్పటి. దాని కింద ఏదో ఆకారం మెల్లగా ఉబ్బుతూ, తగ్గుతూ. అంచుల నుంచి నీళ్ళు చుక్కలు చుక్కలుగా పడుతుంటాయి. పక్కన ఎముకలగూడు లాంటి మనిషి పెదవులు కదుపుతుంటాడు, మాట మాత్రం వినబడదు.

"ఎవరండీ చనిపోయింది?" అని దారినపోయేవాళ్ళు చెప్పులు విడిచి మరీ అడిగేవారు.

"ఇంకా ఎవరూ చనిపోలేదు" అనేవాడు పెదనాన్న, కళ్ళు తెరవకుండానే.

ఆ "ఇంకా" అన్న మాట వినగానే చాలామంది చెప్పులు అక్కడే వదిలేసి పరుగు లంకించుకునేవారు.

ఒకావిడ మందుల షాపు ముందు ఆగి ఉన్న స్కూటరుకు కుక్కను కట్టి లోపలికి వెళ్ళింది. స్కూటరు ఎవరిదో ఆవిడకు తెలియదు. బయటికొచ్చేసరికి స్కూటరు లేదు, కుక్కా లేదు. మెట్ల మూల నుంచి తెల్లటి మూట ఒకటి లేచి, చప్పుడు లేకుండా ఆవిడ వైపు నడిచొచ్చింది. ఆవిడ కేకకు షాపులో సీసాలు కిందపడ్డాయి.

"మీ కుక్కేనమ్మా, భయపడకండి" అన్నాడు పెదనాన్న. "స్కూటరాయన బండి తీయబోతుంటే విప్పి ఇటు తెచ్చాను."

"మరి ఆ ముసుగేంటండీ!"

"ఎండగా ఉంది కదమ్మా."

ఇంకొకాయన, మూసి ఉంది కదా అని కొట్టు షట్టరు పిడికి కుక్కను కట్టేసి టీకి వెళ్ళాడు. కొట్టువాడు వచ్చి, పిడికి కట్టిన కుక్కను చూడకుండా షట్టరు ఎత్తబోతే వెనకనుంచి తడిచెయ్యి ఒకటి వచ్చి మణికట్టు పట్టుకుంది. ఆ కొట్టువాడు వారం దాకా తాయెత్తు లేకుండా షట్టరు ముట్టుకోలేదు.

ఇదంతా చివరికి వచ్చి పడేది కౌంటరులో కూర్చునే తమ్ముడి కూతురి నెత్తిన. లాండ్రీ నడిచేదే లాడ్జి దుప్పట్ల మీద. ఓ రోజు లాడ్జి మేనేజరు వచ్చి బల్ల గుద్దాడు.

"మా దుప్పట్లు శవాల మీద కప్పుతున్నారటగా! దిగినవాళ్ళు మంచమెక్కడానికే జంకుతున్నారమ్మా. ఇంకొక్కసారి విన్నానంటే మా బట్టలు వేరేచోటికి పోతాయి. అర్థమైందా?"

"శవాలు కాదు సార్, కుక్కలు."

"అదింకా బాగుంది!"

అతను వెళ్ళాక ఆ పిల్ల పెదనాన్న చేత ఒట్టు వేయించుకుంది. "మన పొయ్యి వెలగాలంటే ఆ లాడ్జే దిక్కు పెదనాన్నా. నీ దణ్ణాలూ జపాలూ ఇంట్లో పెట్టుకో."

"అలాగేనమ్మా" అన్నాడాయన తల వంచుకుని.

ఆ వారంలోనే ఓ మధ్యాహ్నం ఆమె కునుకు తీసి లేచేసరికి, సాయంత్రం లాడ్జికి అందాల్సిన దుప్పట్ల గంప లేదు. ఇస్త్రీ పెట్టె లేదు. పెదనాన్నా లేడు. గుమ్మం దాటి వీధిలోకి నీటిచుక్కల బారు మాత్రం ఉంది. ఆమె దాని వెంటే నడిచింది. ఎండకు ఆ చుక్కలు వెనకనుంచి ఒక్కొక్కటే మాయమవుతున్నాయి.

బ్యాంకు పక్కన ఓ కొత్త కారు లాడ్జి దుప్పట్లతో నిలువునా ముసుగేసుకుని ఉంది. ఒక అద్దం పగిలి ఉంది, దాని కింద ఇస్త్రీ పెట్టె. గోడనీడలో పెదనాన్న, ముందు తెల్లటి మూట, చుట్టూ మూగిన జనం. అందరూ గుసగుసలే.

"కుక్కను లోపలుంచి కారుకు తాళం వేసుకుపోయాడు మహానుభావుడు. పెట్టినప్పుడు నీడే ఉందట."

"నీడేమైనా వాడి పాలేరా, చెప్పిన చోటే ఉండడానికి? వాడు దొరకాలి, చెబుతాను!"

కర్రలు పట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. ఆమె మూట వైపు చూసింది. అది కదలడం లేదు. పెదనాన్న దుప్పటి అంచు ఎత్తి కుక్క పాదాలు తడుపుతున్నాడు, పెదవులు ఆడుతున్నాయి. గంప నుంచి నీళ్ళు కారే చప్పుడొక్కటే మిగిలింది.

అప్పుడు ముసుగు కింద చిన్న కదలిక. ఇంకొకటి. తోక! దుప్పటిని టపటపా కొడుతోంది, ముసుగు కింద తల ఒక పక్కకే తిరిగి ఉంది. ఆ పిల్ల అటు చూసింది. జనం వెనక, చేతిలో బ్యాంకు టోకెనుతో, మొహంలో నెత్తురుచుక్క లేకుండా లాడ్జి మేనేజరు!

ఆమె నోరు తెరవబోయింది. ఇంతలో పెదనాన్న చెయ్యి చల్లగా జరిగి, దుప్పటి పైనుంచే ఆ తోకను అదిమి పట్టుకుంది.

"ఎవడిదయ్యా ఈ కుక్క?" అన్నాడు కర్ర పట్టుకున్నవాడొకడు.

"దానికి మాటలు రావు కదా నాయనా" అన్నాడు పెదనాన్న. "ప్రాణం నిలబడింది, దేవుడి దయ. గాలి తగలనివ్వండి, వెళ్ళండి."

జనం గొణుక్కుంటూ కరిగిపోయారు. అప్పుడు మేనేజరు వచ్చి మోకాళ్ళ మీద కూలబడ్డాడు. "ఇప్పుడే వచ్చేద్దామనుకున్నానండీ... లోపల వరస కదల్లేదు..."

"అందరూ అదే అనుకుంటారు బాబూ. ముందు పశువుల డాక్టరు దగ్గరికి పద."

మేనేజరు కుక్కనెత్తుకుని వెళ్ళాక ఆ పిల్ల విరుచుకుపడింది. "తోక ఎందుకు పట్టుకున్నావు పెదనాన్నా? అందరికీ తెలియాల్సింది!"

"కారు అద్దం నేనే పగలగొట్టేశాను కదమ్మా. ఇక వాళ్ళకు పగలగొట్టడానికి ఆయన తలకాయే మిగిలింది."

సాయంత్రం, మట్టి అంటిన దుప్పట్లన్నీ ఆమె మళ్ళీ ఉతుకుతుంటే గుమ్మంలో మేనేజరు కనిపించాడు. కాళ్ళ దగ్గర కుక్క, కులాసాగా. అతను చొక్కా చేతులు పైకి మడుచుకుని లోపలికి వచ్చాడు.

పెద్ద దుప్పటి పిండాలంటే ఇద్దరు కావాలి. ఆమె ఒక కొస అతని చేతికిచ్చింది.

"గట్టిగా తిప్పండి సార్. ఇవాళే లాడ్జికి అందాలి. అక్కడి మేనేజరు మహా కోపిష్ఠి."