గొడుగు గుండు కింద మూడు దెబ్బలు, ఆగి ఒకటి

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. నిన్న లేదు, ఇయ్యాల గూడ లేదు. మాది తరాల సంది చర్చికి పోయే ఇల్లు. అంత్రాలు, తాయెత్తులు మా గడప తొక్కలే. ఈ మాట ముందుగాల్నే ఎందుకు చెప్తున్ననంటే, జరిగింది మా కెమెరా గ్రూపుల చెప్పంగనే సగం మంది "అక్కా, ఈసారికి వద్దులే" అంటున్నరు. అందుకే పూస గుచ్చినట్టు రాస్తున్న. మొత్తం చదివినంక వద్దనుండ్రి, చూస్త.

నాకు చేవెళ్లల చిన్న ఫొటో స్టూడియో ఉన్నది. పెండ్లిళ్లు, పాస్‌పోర్టు ఫొటోలు, ఇదే పని. ఆదివారాలు మాత్రం మా కెమెరా గ్రూపు ఇరవై మందిమి ఎటన్న పోతం. ఈసారి ప్లాన్ నాది. ఎంకపల్లి దిక్కున్న పెద్ద రాతి గుండ్లకు పోదామన్న. అండ్ల ఒకటి కింద సన్నగ, పైన ఎడల్పుగ ఉంటది, దాన్ని మేం గొడుగు గుండు అంటం. ఆ జాగ ప్లాట్లకు పోయింది. వచ్చే వారం మిషన్లు దిగుతయట. దిగకముందే ఆ గుండ్లు ఇరవై కెమెరాలల్ల ఎక్కాలె, ఊరంత చూసి, వీటినెందుకు పగలగొడ్తున్నరని అడగాలె. ఈ ఆదివారం తప్పితే ఇగ దొరకయి.

మా బాపు రాళ్లు కొట్టి మమ్మల్ని సాదిండు. ఆ దుమ్మే ఊపిరితిత్తులల్ల చేరి నాలుగేండ్ల కింద ఆయనను తీస్కపోయింది. రాళ్లు కొట్టినోని బిడ్డ రాళ్లను కాపాడుడేంది అని నవ్వేటోళ్లున్నరు. నవ్వుకోనీ.

రాయికి మొదటి దెబ్బ ఏసే ముందు బాపుకు ఒక అలవాటుండె. సుత్తెతోని మెల్లగ మూడుసార్లు తట్టి, జర ఆగి, ఇంకోటి తట్టేటోడు. చెవి ఆనిచ్చి వినేటోడు. గట్టి రాయి ఖంగుమంటది, లోపల పగిలిన రాయి డొల్లగ పలుకుతది. పని నుంచి ఇంటికొస్తే తలుపు గూడ అట్లనే తట్టేటోడు. మూడు, ఆగి, ఒకటి.

పోయిన శనివారం పొద్దుగాల ఏడింటికి నేను, మోకిల మహేశ్ జాగ చూసొద్దామని పోయినం. మహేశ్ మా గ్రూపోడే, సాఫ్ట్‌వేర్ పని, ఏదన్న రుజువు చూపిస్తెనే ఒప్పుకునే మనిషి. గ్రూపు ఫొటోకు ఎవరెక్కడ కూసోవాల్నో గొడుగు గుండు కింద నేను చాక్‌పీసుతోని గుర్తులు పెడుతున్న. మహేశ్ ఫోన్ల వీడియో తీస్తున్నడు.

అప్పుడు విన్న. మూడు దెబ్బలు. ఆగింది. ఇంకొకటి. ఆఖరుది డొల్లగ పలికింది.

నా చేతుల చాక్‌పీసు కింద పడ్డది. "అక్కా, ఎవరో రాయి కొడుతున్నరు" అన్నడు మహేశ్. గుండు చుట్టు తిరిగినం. వెనకనుంచి పైకెక్కి గూడ చూసిన. ఎవ్వరు లేరు. జర దూరంల గొర్లు మేపుతున్న అవ్వను అడిగితే, "తెల్లారినసంది మీరిద్దరే బిడ్డా" అన్నది. నాకు భయం కాలే, కోపమొచ్చింది. నాలుగేండ్ల సంది కలలకు గూడ రానోడు ఇప్పుడు రాయిని తడుతడా అని ఏడ్పొచ్చింది.

ఇంటికొచ్చి వీడియో చూసినం. గాలి ఉన్నది, పిట్టలున్నయి, చాక్‌పీసు పడ్డ చప్పుడు గూడ ఉన్నది. మహేశ్ అన్న మాట సాఫుగ ఉన్నది. దెబ్బలు మాత్రం లేవు. మహేశ్ ఇయర్‌ఫోన్లు పెట్టుకొని పదిసార్లు విన్నడు.

తెల్లారి, బాపుతోని పనిచేసిన యాదయ్య కాకను తీస్కపోయిన. జరిగింది చెప్పలే. "కాకా, దీని కింద ఇరవై మందిని కూసోవెడ్త, జర చూడు" అన్న, అంతే. కాక తట్టిండు, చెవి పెట్టిండు.

"లోపట పగిలింది బిడ్డా. ఎన్నడు పడ్తదో చెప్పలేం. దీని కింద ఎవ్వల్ని కూసోవెట్టకు" అన్నడు.

ఇప్పుడు గ్రూపుల, "మీ బాపే రావద్దని చెప్పిండు" అంటున్నరు. నాకు తెల్వదా మా బాపు? వద్దనాలంటే నోటితోనే ఖరాఖండిగ అనేటోడు. సుత్తెతోని రాయి సంగతి చెప్తడు గని, మనుషులను ఎళ్లగొట్టడు. దయ్యం గుండు అని మీరనుకుంట కూసుంటే ప్లాట్లోళ్లకే మంచిగైతది. కూసునే జాగ ముప్పై అడుగులు తూర్పుకు జరిపిన. ప్లాన్ల మారింది అదొక్కటే. ఆదివారం ఆరింటికి మొయినాబాద్ చౌరస్తల కలుద్దాం, టిఫిన్ ఎవరిది వాళ్లు తెచ్చుకోండ్రి.

ఆ చప్పుడేందో నాకు తెల్వది. గాలి అన్నరు కొందరు, ఎండకు రాయి సాగింది అన్నరు కొందరు. మూడు కొట్టి ఆగుడు గాలికి ఎవరు నేర్పిండ్రో జర చెప్పుండ్రి. బాపే అని నేను అనను. కాదని గూడ అనలేను.

ఆయన సుత్తె మా ఇంట్ల మంచం కింద ఉన్నది. ఆదివారం కెమెరా సంచిల ఏసుకొని పోతున్న, మీరు వచ్చినా రాకున్నా. ఈసారి ముందుగాల నేనే తడ్త. మూడు, ఆగి, ఒకటి. జవాబొస్తే వింట. రాకుంటే ఫొటో తీస్త.