హీరోగారి ఉప్పు

మా బాబాయికి ఒకటే పిచ్చి. పేరున్నవాళ్ళు రాసిన వంటపుస్తకం బజార్లోకి వచ్చిందంటే మర్నాటికల్లా అది ఆయన చంకలో ఉండాల్సిందే. సినిమా హీరో రాసినా, పాటలు పాడే అమ్మాయి రాసినా, టీవీలో వార్తలు చదివే ఆవిడ రాసినా, ఫుట్‌బాల్ గోల్‌కీపర్ రాసినా ఆయనకి అంతా సమానమే. నిజంగా వంట వచ్చినవాళ్ళు రాసిన పుస్తకం మాత్రం ఒక్కటంటే ఒక్కటి కొన్న పాపాన పోలేదు. “వంట వచ్చినవాడు వంటపుస్తకం రాస్తే అందులో గొప్పేముంది?” అని తీసిపారేసేవాడు.

ఇది ఏ తిండిపోతుకో ఉండాల్సిన పిచ్చి. మా బాబాయి అచ్చాఫీసులో ప్రూఫులు దిద్ది రిటైరైన మనిషి. పెడితే పెట్టినంత తినేవాడు, కానీ అచ్చుతప్పు ఒక్కటి కంటబడితే ఆ పూట ముద్ద దిగేది కాదు. కింది వాటాలో పళ్ళ డాక్టరమ్మ బోర్డు పెట్టించినప్పుడు పెయింటరు ‘నొప్పి లేకుండా’లో ఒక అక్షరం మింగేస్తే, బాబాయి పేషెంట్లందరినీ దాటుకుని లోపలికి వెళ్ళి, “అమ్మా, ‘నొప్పి కుండా’ అని రాయించావు. పళ్ళు పీకి అందులో వేస్తావా?” అని అడిగి వచ్చాడు.

నాకు ఉద్యోగం వచ్చిన కొత్తలో వాళ్ళింట్లోనే ఉన్నాను కాబట్టి ఈ పిచ్చి మూడుపూటలా నా కంచంలోకే వచ్చేది. వండేది పిన్ని. చదివేది బాబాయి. ఇరుకు వంటింట్లో పొయ్యి పక్కనే ఎత్తు స్టూలు వేసుకుని, కళ్ళజోడు ముక్కు కొసకి జార్చి, పక్కవాటాలకి కూడా వినబడేలా చదివేవాడు. మధ్యమధ్యలో ఉన్నట్టుండి, “మంట తగ్గించాలట! ఇప్పుడే తగ్గించాలట! పుస్తకంలో ఉంది!” అని అరిచేవాడు. పిన్ని ఉలిక్కిపడి తగ్గించేది. వంట కుదిరితే, “అదీ మీ పిన్ని చెయ్యంటే!” అనేవాడు. చెడితే పుస్తకం అట్ట మీద వేలితో పొడిచి, “హీరోగారి తప్పు” అనేవాడు.

ఆ పుస్తకాల సంగతి చెప్పాలి. హీరోగారి పుస్తకంలో మూడొంతులు ఫొటోలే. హీరోగారు టమాటా వంక ప్రేమగా చూస్తున్న ఫొటో, హీరోగారు ఉల్లిపాయ కోస్తూ కూడా ఏడవని ఫొటో, హీరోగారు గరిటెని కత్తిలా పట్టుకున్న ఫొటో. మిగిలిన ఒక వంతూ ఆయన బాల్యం. ఆ బాల్యంలోంచి ఎలాగో తప్పించుకుని బయటపడ్డ వంటలే మనకి దక్కేవి. గుడ్డు ఉడకబెట్టడానికి ఆరు పేజీలు. నీళ్ళు మరిగేసరికి ఆయన ఐదో తరగతి పాసయ్యాడు.

ఒకరోజు డాక్టరమ్మ పైకి వచ్చింది. పాత బోర్డు గొడవ ఎప్పుడో మర్చిపోయింది, మంచిమనిషి.

“బాబాయిగారూ, ఆ పాటలమ్మాయి వంటపుస్తకం వచ్చిందటగా. కొనొచ్చంటారా?”

“నీకు వంటొచ్చా అమ్మా?”

“కాస్తో కూస్తో వచ్చండి.”

“అయితే వద్దు. ఆ వచ్చింది కూడా పోతుంది.”

“మా ఆయనకి బొత్తిగా రాదు.”

“ఆయనకి అసలే వద్దు. వచ్చేసిందనుకుంటాడు.”

“మరి ఎవరు కొనాలండీ ఈ పుస్తకాలు?”

“నేను” అని బాబాయి తలుపేసేశాడు.

మరో రాత్రి భోజనానికి కూర్చుంటే కంచంలో నల్లగా, బొగ్గు ముక్కల్లాంటివి కనిపించాయి.

“ఇవేంటి పిన్నీ?” అన్నాను.

పిన్ని మొహం చిన్నబోయింది. ఆవిడ నోరు తెరిచేలోగా బాబాయి అందుకున్నాడు.

“ఆకాశం.”

“ఏంటీ?”

“‘నా మొదటి సినిమా విడుదలైన సాయంత్రం ఆకాశం ఏ రంగులో ఉందో, ఉల్లిపాయలు ఆ రంగుకి వచ్చేదాకా వేయించండి’ అని రాశాడు హీరోగారు. ఆ సాయంత్రం ఆకాశం మనకేం తెలుసు? పాత సినిమాహాలు గేటుమనిషిని పట్టుకుని అడిగొచ్చాను. ‘బాగా గుర్తుంది బాబూ, పిడుగులతో వాన. ఆకాశం మసిగుడ్డలా ఉంది. హాల్లో ఉన్న నలుగురూ తడవకుండా ఉండటానికి వచ్చినవాళ్ళే’ అన్నాడు. ఏం చేస్తాం? హీరోగారి తప్పు. తిను.”

నేను నవ్వలేక చచ్చాను. పిన్ని నవ్వలేదు. నా కంచంలోంచి ఆకాశాన్ని ఏరి అవతల పెట్టింది.

ఈ వ్యవహారమంతా మా పెద్దత్తయ్యకి, అంటే బాబాయి అక్కగారికి, కడుపుమంట. ఆవిడ లెక్కలో మా పిన్ని చేతివంటకి సాటిలేదు. ఆ మాట ఆవిడ పిన్ని ముఖాన అప్పటిదాకా ఎప్పుడూ అనలేదనుకోండి. ముఖాన అనడానికి ఆవిడ దగ్గర వేరే మాటలుండేవి. ఒక ఆదివారం పొద్దున్నే దిగి, గుమ్మం నుంచి పెరటిదాకా అన్నింటికీ వంకలు పెట్టి, మధ్యాహ్నానికి అలిసిపోయి భోజనానికి కూర్చుంది. పిన్ని వేడివేడిగా సూప్ తెచ్చింది. అత్తయ్య ఒక్క చెంచా నోట్లో పోసుకుని, సముద్రంలో మునిగి లేచిన మనిషిలా కళ్ళు తేలేసింది.

“ఒరేయ్! ఇది సూపా, ఉప్పుకయ్యా?”

“పుస్తకంలో గుప్పెడు అని ఉందక్కా” అన్నాడు బాబాయి చటుక్కున.

“ఎవడి గుప్పెడురా?”

“హీరోగారి గుప్పెడు. ఒక్క గుద్దుకి పన్నెండుమంది ఎగిరిపడతారు. చిన్న గుప్పిటా మరి?”

“ఆడు గుద్దేది రౌడీల్ని కదరా, మనల్ని కాదు కదరా!” అని అత్తయ్య పిన్ని వైపు తిరిగింది. “అమ్మాయ్, బంగారంలాంటి చెయ్యి నీది. ఈ తలతిక్క వెధవ మాట విని పాడు చేసుకోకు.”

“అలాగే వదినా” అంది పిన్ని, తలొంచుకుని.

అక్కడితో పోయేదే. కానీ నెల తిరక్కుండానే ఆ హీరోగారు సెంటర్లో ఉన్న పుస్తకాల షాపుకి వస్తున్నాడనీ, పుస్తకాల మీద సంతకాలు పెడతాడనీ పేపర్లో పడింది. అత్తయ్యకి ఎవరు చెప్పారో గానీ పొద్దున్నే రిక్షా దిగింది. “పదండ్రా. ఆ గుప్పిటేదో నేనూ చూస్తాను.”

బాబాయి మొహంలో నెత్తురుచుక్క లేదు. “హీరోలు చెప్పిన టైముకి రారక్కా” అన్నాడు. “జనం తొక్కేస్తారక్కా” అన్నాడు. “నాకు తలనొప్పిగా ఉందక్కా” అన్నాడు. “తల ఉన్నవాడికి కదరా తలనొప్పి!” అని ఆవిడ ముందు నడిచింది. వెనకాల పిన్ని, నేను. అందరికన్నా వెనక, బడికి ఈడ్చుకెళ్తున్న పిల్లాడిలా బాబాయి.

షాపులో హీరోగారు బల్ల వెనక కూర్చున్నాడు. తెర మీద తలుపంత ఉండే మనిషి, విడిగా చూస్తే కిటికీ అంతే ఉన్నాడు. వరసలో అత్తయ్య వంతు వచ్చింది.

“పేరేమని రాయనమ్మా?”

“పేరు తర్వాత. ముందు నీ గుప్పిట చూపించు నాయనా.”

అభిమానం కాబోలనుకుని అతను నవ్వుతూ చెయ్యి ముడిచి చూపించాడు. నిమ్మకాయ కన్నా కాస్త పెద్దది.

“ఇంతేనా!” అంది అత్తయ్య. షాపంతా ఇటు తిరిగింది. “ఇంత గుప్పిటతో అంత ఉప్పు ఎలా పట్టిందయ్యా? సూపులో గుప్పెడు వెయ్యమని రాశావా లేదా?”

“గుప్పెడా? లేదమ్మా! చిటికెడు అనే...” అంటూ అతను కంగారుగా పుస్తకం తెరిచాడు. సరిగ్గా ఆ పేజీయే వచ్చింది. అత్తయ్య భుజం మీంచి తొంగిచూశాను. ‘చిటికెడు’ అని గుండులాంటి అక్షరాల్లో ఉంది.

అంతలో బాబాయి వరసని తోసుకుని, బల్ల మీద సగం వాలిపోయి, హీరోగారి చెవిలో ఏదో గొణిగాడు. హీరోగారు విన్నాడు. తలెత్తి, కాస్త దూరంలో చేతిసంచీ పట్టుకుని నిలబడ్డ పిన్ని వంక చూశాడు. పుస్తకం మూసేశాడు. లేచి నిలబడి చేతులు జోడించాడు.

“తప్పు నాదేనమ్మా. మొదటి ముద్రణలో గుప్పెడు అని పడిపోయింది.”

పక్కనున్న పబ్లిషరు అదిరిపడ్డాడు. “సార్! మనకి ఇంకా మొదటి ముద్రణే అమ్ముడుపోలేదు కద...”

హీరోగారు బల్ల కింద ఆయన కాలు తొక్కాడు. సినిమాల్లో అతను అంత సహజంగా ఎవర్నీ కొట్టడం నేను చూడలేదు.

“అలా ఒప్పుకో. బుద్ధిమంతుడివి” అని అత్తయ్య శాంతించి, పోనీలే పాపమని ఒక పుస్తకం కూడా కొంది.

నేను బాబాయి చెయ్యి పట్టుకుని అలమరాల వెనక్కి లాక్కెళ్ళాను.

“జన్మంతా అచ్చుతప్పులు పట్టినవాడివి. అందులో చిటికెడు అనే ఉంది. నేను చూశాను. ఏంటి బాబాయ్ ఇది?”

ఆయన అటూ ఇటూ చూశాడు. “మెల్లిగా మాట్లాడవే. మీ పిన్నికి వాసన తెలీదు.”

“అంటే?”

“నువ్వు రాకముందు పెద్ద జ్వరం వచ్చి లేచింది చూడు, అప్పట్నుంచి. వాసనతోపాటు రుచీ పోయింది. ఎవరికీ చెప్పలేదు. నాక్కూడా చెప్పలేదు. వంటే దాని గర్వం కదే, ఏమని చెప్పుకుంటుంది?”

“మరి నీకెలా తెలిసింది?”

“విరిగిపోయిన పాలతో కాఫీ ఇచ్చింది. బాగుందా అంది. బాగుందన్నాను. ఇంకో కప్పు ఇచ్చింది.”

“తాగావా?”

“తాగక? తాగుతూ ఆలోచించాను. ఉప్పు వేసిన సంగతి మర్చిపోయి మళ్ళీ వేస్తుంది. మాడినా తెలీదు, గ్యాసు వదిలేసినా తెలీదు. వంటింట్లో ఒక ముక్కు ఉండాలి. ఊరికే వెళ్ళి నిలబడితే, ‘నా వంటింట్లో మీకేం పని’ అంటుంది. చేతిలో ఏదో ఒకటి ఉండాలి కదా.”

మంట తగ్గించాలట, ఇప్పుడే తగ్గించాలట అన్న కేకలన్నీ నా చెవుల్లో మోగాయి. పుస్తకం చదువుతున్నాడనుకున్నాను గానీ, మాడువాసన పసిగడుతున్నాడనుకోలేదు.

“అయితే ఆ గేటుమనిషి, ఆ ఆకాశం...”

“గేటుమనిషీ లేడు, గాడిదగుడ్డూ లేదు. మాడిన ఉల్లిపాయల్ని అప్పటికప్పుడు ఇంకేమనను?”

“సరే బాబాయ్. ఒక మంచి వంటపుస్తకం కొనుక్కుని కూర్చోవచ్చుగా?”

బాబాయి నా వంక జాలిగా చూశాడు. “మంచిదైతే తప్పు ఎవరి మీద వెయ్యనే?”

“మరి హీరో ఏమన్నాడు?” అన్నాను.

“‘నాకు గుడ్డు ఉడకబెట్టడం కూడా రాదండి, ఆ పుస్తకం ఎవరో రాసిపెట్టారు. పోనీ ఈ తప్పొక్కటైనా నా పేరు మీద ఉండనివ్వండి’ అన్నాడు.”

ఈ రహస్యం కడుపులో పెట్టుకుని తిరగడం నావల్ల అయ్యే పని కాదు. అయినా నోరు కుట్టేసుకుని కొన్నాళ్ళు లాక్కొచ్చాను. ఒక సాయంత్రం బాబాయి బజారుకి వెళ్ళాడు. నేను వంటింట్లో బల్ల మీద కూర్చుని బఠాణీలు ఒలుస్తున్నాను. పిన్ని అటు తిరిగి చెంబు కడుగుతూ, “పిల్లా, ఆ మూకుడు చూడవే, మాడువాసన వస్తోంది” అంది.

లేచి, మంట తగ్గించి, అక్కడే కొయ్యబారిపోయాను.

“పిన్నీ! నీకు వాసన...”

తడిచేత్తోనే నా నోరు మూసింది. “అరవకే! మెట్ల మీద ఉన్నారేమో.”

“ఎప్పట్నుంచి?”

“ఆ గోల్‌కీపర్ పుస్తకం కొన్నారు చూడు, అప్పట్నుంచి. స్టూలెక్కి అట్ట తెరిచారు, కొత్తకాగితం, జిగురు వాసన గుప్పుమంది. ఏడుపొచ్చేసింది. ఉల్లిపాయలన్నాను.”

నేను లెక్క వేసుకున్నాను. గోల్‌కీపర్ వచ్చిన చాలా రోజులకి కదా అత్తయ్య వచ్చింది!

“మరి అత్తయ్య తాగిన సూపు?”

పిన్ని చెంగుతో చేతులు తుడుచుకుంది. “పొద్దుట్నుంచి నా కర్టెన్లని నానా మాటలూ అంటోందే.”

“పిన్నీ!”

“ఒక్క గుప్పెడేగా వేశాను.”

నవ్వాలో, లెంపలు వేయించాలో తెలియలేదు. “బాబాయికి చెప్పెయ్యొచ్చుగా? పాపం నీకోసం...”

“నాకోసమని తెలీకనా? ఆ రోజు కాఫీ కప్పు కడిగింది నేనే కదే, అడుగున విరుగు నా కళ్ళకి కనబడదా? రెండు కప్పులు తాగిన మనిషి మర్నాడు హీరో పుస్తకం పట్టుకుని వంటింట్లోకి వస్తే, ఆ మాత్రం అర్థం కాదా?” పిన్ని స్టూలు మీది పిండి చెంగుతో దులిపింది. “చెబితే ఇది దిగి వెళ్ళిపోతారు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన నాతో చెప్పిన కబుర్లు రెండే. ‘అన్నం పెట్టు’, ‘లైటు తియ్యి’. ఇప్పుడు చూడు, మూడుపూటలా పక్కన కూర్చుని కథలు చదువుతున్నారు. వారానికోసారి ఏదో ఒకటి చెడగొడితే చాలు, మిగిలిన రోజులు నిశ్చింత.”

మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. బాబాయి రొప్పుకుంటూ వచ్చాడు. చంకలో కొత్త పుస్తకం. అట్ట మీద ఒక పహిల్వాన్, ఎదుటివాడి మెడ పట్టుకున్నట్టు సొరకాయని పట్టుకుని ఉన్నాడు.

“దొరికింది! ఆఖరి కాపీ అన్నాడు” అని బాబాయి స్టూలెక్కి కళ్ళజోడు జార్చాడు. “విను. ‘నేను పుట్టినప్పుడు మా ఊళ్ళో ఎవరూ నన్ను ఎత్తుకోలేకపోయారు...’”

పిన్ని శ్రద్ధగా వింది, మధ్యలో “అయ్యో పాపం” అంది. ఆయన పేజీ తిప్పుతుండగా నా వంక చూసి కన్నుగీటి, కూరలో ఇంకో చెంచా ఉప్పు వేసింది.

భోజనాల దగ్గర మొదటి ముద్దకే బాబాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మింగి, గొంతు సవరించుకుని, పుస్తకం అట్ట మీద వేలితో పొడిచాడు.

“పహిల్వాన్‌గారి తప్పు.”

“కుస్తీ పట్టేవాడు కదండీ” అంది పిన్ని అమాయకంగా. “చెమటలో పోయిన ఉప్పంతా మళ్ళీ ఒంటికి పట్టొద్దూ?”

“అదీ నిజమే” అని బాబాయి ఇంకో గరిటె వేయించుకున్నాడు.

నేను మంచినీళ్ళ జగ్గు నా వైపుకి లాక్కున్నాను.