పదిహేనో పేరు

రాష్ట్రం వచ్చిన ఏడాది గెస్టు లెక్చరరుగ చేరిండు శ్రీశైలం సారు. పదేండ్లు దాటినా ఇంకా గెస్టే. ఇంటికొచ్చిన చుట్టం పది దినాలుంటే ఇంటోడైతడు గాని, సర్కారు కాలేజీల గెస్టు గెస్టుగనే ముసలోడైతడు. జూన్ నెల వచ్చిందంటే సారుకు అదే రంది. ఈయేడు మల్ల తీసుకుంటరో, పొమ్మంటరో! షరతు ఒక్కటే. స్టాటిస్టిక్స్ గ్రూపుల పదిహేను మంది పిల్లలుండాలె. పద్నాలుగు మందే ఉంటే గ్రూపును ఎత్తేస్తరు, గ్రూపుతోపాటు సారును గూడ ఎత్తేస్తరు. పదేండ్లు దాటినంక ఒక యేడు సరిగ్గ పదిహేను మంది చేరిన్రు. ఎర్రటెండల కేతేపల్లి సుట్టుపక్కల ఊర్లన్ని తిరిగి, తల్లిదండ్రుల కాళ్లా వేళ్లా పడి తెచ్చుకున్నడు వాళ్లను.

చెప్పుడు మాత్రం బంగారమసొంటి చెప్పుడు. పుస్తకం ముట్టకుంట చెప్పేటోడు. "ఇంట్ల మొగడు ఆరు జొన్నరొట్టెలు తిన్నడు, పెండ్లాం ఉపాసం పన్నది. సగటు తీస్తే తలా మూడు. మరి గా పెండ్లాం కడుపు నిండిందా పిల్లలూ?" అనేటోడు. పిల్లలు నవ్వేటోళ్లు. "అంకె అబద్ధమాడదు అంటరు, అదే పెద్ద అబద్ధం. అంకెకు తల్లి ఉంటది. ఎవరు కన్నరు, ఎట్ల కన్నరు అని అడగకుంట అంకెను ముద్దుజేయొద్దు. గా అడుగుడే స్టాటిస్టిక్స్. మిగిలింది మిషను గూడ చేస్తది."

ఆ వానకాలం గొర్లకు నీలినాలుక రోగం తగిలింది. అప్పుడే, కాలేజీకి గ్రేడు ఇచ్చేటందుకు పట్నం నుంచి టీము వస్తదని కబురు. "పిల్లలతోని ఏదన్న సర్వే చేయించు, జర గట్టిగుండాలె" అన్నడు ప్రిన్సిపాలు. సారు పిల్లలను ఐదు ఊర్లకు పంపిండు. గొర్లు కాసే నలభై ఇండ్లు, ఇంటికి రెండే సవాళ్లు. వానలకు ముందు ఎన్ని గొర్లున్నయి? రోగానికి ఎన్ని పోయినయి? కూడి, భాగించి చూస్తే మూడింట ఒక గొర్రె పోయిందని తేలింది.

పిల్లలంత సప్పట్లు కొట్టిన్రు. ఎన్నడు నోరు తెరువని సుస్మిత అనే పిల్ల ఎనక బెంచిల నుంచి లేసింది.

"సార్, గా లెక్క తప్పు."

"ఎట్ల తప్పు బిడ్డా?"

"మా బాపు అబద్ధం చెప్పిండు సార్. మాకు ఎనభై గొర్లుంటే నలభై అన్నడు. మందను ఉన్నదున్నట్టు చెప్తే దిష్టి తగుల్తదట. అందరు గట్లనే సగం చెప్తరు. చచ్చినయి మాత్రం ఎవ్వరు దాయరు సార్, బతికినయే దాస్తరు. మాయి పదమూడు పోయినయి. నూటికి ముప్పై రెండు పోయినయని మీరు రాసుకున్నరు. నిజానికి పోయింది పదహారే."

సారు చేతిల సుద్దముక్క చేతిలనే ఉన్నది. తను గూడ గొర్లు కాసే ఇంట్ల పుట్టినోడే నాయె! ఏడేండ్లప్పుడు దొడ్డి కాడ నిలబడి వేలు పెట్టి ఒకటి, రెండు అని గట్టిగ లెక్కబెడితే నాయిన దవడ పగులగొట్టిండు. "వేలు పెడితే మంద తరుగుతది బేవకూఫ్!" అన్నడు. ఆ దెబ్బ ఇంకా యాదికున్నది గాని, కొలువు యావల పడి, పిల్లలకు సవాళ్లు రాసిచ్చేటప్పుడు మాత్రం ఆ సంగతే యాదికి రాలె. సిగ్గయింది. సిగ్గు కన్న ఎక్కువ సంబురమైంది. పదేండ్ల సంది మొత్తుకుంటుంటే, ఇగో, ఒక్కతి అడిగింది.

"నువ్వే రాయి బిడ్డా. రిపోర్టుల ఒక పేజీ నీదే. ఈ అంకెను ఎందుకు నమ్మొద్దో రాయి. మీ ఇంటి లెక్కతోనే రాయి."

రాసింది. సంగతి తెలిసి తండ్రి ఎల్లేశం అగ్గయిండు. "మంద గుట్టు కాయితానికెక్కిస్తవా!" అని బిడ్డతోని నాలుగు దినాలు మాట్లాడలె. అయినా పేజీ మాత్రం తెచ్చి సారు చేతిల పెట్టింది. కింద పేరు గూడ రాసుకున్నది, అందంగ.

ప్రిన్సిపాలు ఆ పేజీ చూసి నెత్తి కొట్టుకున్నడు. "ఏందయ్యా శ్రీశైలం! మూడింట ఒకటి అంటే టీమోళ్ల కండ్లు తిరగాలె. పక్కనే ఇది తప్పని రాస్తే మన మొహం మీద మనమే ఉమ్మేసుకున్నట్టు గాదా? తీసెయ్. జూన్ల నీ పేరు పంపాల్సింది నేనే గద."

సారు ఇంట్ల బడికి పోయే పిల్లలు ఇద్దరు. నలభై దాటిన మనిషికి కొత్త కొలువు ఎవడిస్తడు? ఎవ్వరు లేని జాగాల నిలబడి ఆ పేజీని రిపోర్టుల నుంచి తనే చింపిండు. చింపి మడతపెట్టి జేబుల పెట్టుకున్నడు. పారేసుటానికి గూడ ధైర్యం చాలలె.

టీము వచ్చిన నాడు ప్రిన్సిపాలు మైకు పట్టుకొని "మూడింట ఒక గొర్రె!" అన్నడు. శాలువలు కప్పుకున్నోళ్లు తలలూపిన్రు. నాలుగో వరుసల కూసున్న సుస్మిత సారు దిక్కు చూసింది. సారు తన చెప్పుల దిక్కు చూసుకున్నడు.

మీటింగు అయినంక వరండాల ఎదురొచ్చింది. ఏడుస్తలేదు. ఏడ్చినా బాగుండు.

"మా బాపు దిష్టికి భయపడి తక్కువ చెప్పిండు సార్. మీరు దేనికి భయపడ్డరు?"

గంట కొట్టుడుతోని సారు బతికిపోయిండు.

మరునాటి సంది ఆ పిల్ల కాలేజీకి బందయింది. తండ్రి ఎంబడి మందకు పోతాందని చెప్పిన్రు. పోయి తోల్కొద్దామని సారు రెండుసార్లు బండి బయటికి తీసిండు, రెండుసార్లు మల్ల లోపల పెట్టిండు. ఏ మొహంతోని పోవాలె? పద్నాలుగైన సంగతి ప్రిన్సిపాలుకు చెప్తే నవ్విండు. "టీసీ తీస్కపోలేదు గద? పేరు ఉండనీ. టిక్కు పెట్టు. ఎవడొచ్చి తలకాయలు లెక్కపెడ్తడు?"

అప్పటి సంది రోజు పొద్దుగాల అదే తంతు. పద్నాలుగు పేర్లు పిలుస్తడు, "ప్రెజెంట్ సార్" అంటరు. పదిహేనో పేరు కాడ సారు దగ్గుతడు, పిలువకుంటనే టిక్కు పెడ్తడు. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకుంటరు.

జూన్ వచ్చింది. సారు పేరు పట్నానికి పోయింది, కొలువు నిలబడ్డది. ఇంట్ల పాయసం వండిన్రు గాని, సారు గిన్నె పక్కకు జరిపిండు.

రెండో ఏడాది మొదటి పాఠం మల్ల సగటే. క్లాసుల ఉన్నోళ్ల ఎత్తులన్ని బోర్డు మీద రాసి కూడిండు. ముందు బెంచిల మల్లేశ్ లేసిండు. వాడు యెటకారానికి అడుగుతలేడు, నిజంగనే తెల్వక అడుగుతాండు.

"సార్, పద్నాలుగుతోని భాగించాల్నా, పదిహేనుతోనా?"

బోర్డు మీద పద్నాలుగు ఎత్తులున్నయి. బల్ల మీద పదిహేను టిక్కుల రిజిష్టరు తెరిచే ఉన్నది. తలుపు కాడ ప్రిన్సిపాలు నిలబడి వింటాండు.

సారు బోర్డు దిక్కు మొహం తిప్పుకున్నడు.

"పదిహేనుతోనే రాసుకోండి."

పిల్లలు రాసుకున్నరు.